నీళ్ళు తాగిన నావ

పడవ మీద పాఠం చెప్పడం వేరు, పడవ నడపడం వేరు. ఆ మాత్రం తెలియదా అంటారేమో! తెలుసుననే అనుకున్నాను. తెలియదని నలభై అయిదో యేట తెలిసింది.

నేను తెలుగు లెక్చరర్ని. సంసారం సాగరమనీ, నామస్మరణ నావ అనీ, మనస్సే చుక్కాని అనీ ఇరవై ఏళ్ళబట్టి క్లాసులో చెబుతూ, ఆ ముక్కలే పిల్లలు పరీక్షలో తిరిగి రాస్తే మార్కులు వేస్తూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. త్యాగరాజస్వామి ‘నౌకాచరిత్రము’లో యమున నడుమ గోపికల నావకు చిల్లుపడే ఘట్టం వచ్చిందంటే గంట మోగినా పిల్లల్ని వదిలేవాణ్ణి కాదు. అలాటి నేను, గత మాఘపౌర్ణమినాడు, మా సొంత నావ వైనతేయ గోదావరిలో దిగిన పావుగంటకే మునిగిపోతూంటే వొడ్డున నిలబడి గుడ్లప్పగించి చూస్తూ వుండిపోయాను. ఇరవై ఏళ్ళ పాఠాల్లోంచి పనికొచ్చే వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు.

మొదటినుంచీ చెబుతాను.

మాది కోనసీమ. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, దక్షిణాన సముద్రం, నడుమనుంచి వైనతేయ. ఇప్పుడంటే ఎదుర్లంక దగ్గర గౌతమి మీదా, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీదా, దిండి దగ్గర వసిష్ఠ మీదా వంతెనలున్నాయి గాని, నా చిన్నతనంలో మావైపు ఎటు పోవాలన్నా రేవు దాటాలి. లేదా చుట్టు తిరిగి రావులపాలెం మీదుగా పోవాలి. పెళ్ళికూతురైనా, ధాన్యం బస్తా అయినా, పురిటికి పోయే మనిషైనా ఎక్కవలసింది పడవే.

మా తాతయ్యకు ఒక నావ వుండేది. ముప్ఫై అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. కొబ్బరికాయలు అయిదువేలు పట్టేవి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించాడు గదా. ఆ ఆనకట్ట కింద తవ్విన కాలవలు పొలాలకు నీళ్ళివ్వడంతో సరిపెట్టుకోలేదు, పడవలకు బాటలయ్యాయి. బొబ్బర్లంక లాకు దాటి, గోదావరికి అడ్డంపడి ధవళేశ్వరం చేరితే అక్కడినుంచి కాకినాడ కాలవ. విజ్జేశ్వరం వైపు పోతే ఏలూరు కాలవ మీద బెజవాడ. ఆ పైన కొమ్మమూరు కాలవా, బకింగ్‌హాం కాలవా పట్టుకుని చెన్నపట్నం దాకా పోయినవాళ్ళున్నారు. గాలి వాటంగా వుంటే తెరచాప. గాలి లేకపోతే గెడ. గెడకు అందకపోతే తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ లాగడం. మా తాతయ్య భుజం మీద ఆ తాడు పడిన చోట చర్మం చెప్పుతోలులా వుండేది. నేను దాని మీద చెంప ఆనించి నిద్రపోయేవాణ్ణి.

లారీలు వచ్చాక కాలవల్లో పడవలు పల్చబడ్డాయి. అయినా తాతయ్యా, మా నాన్నా లంకల్లోంచి కాయా, అరటిగెలా తెస్తూనే వుండేవారు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు నాకు ఆరేళ్ళు. లంక మీద మా మేనత్తగారి ఇంట్లో వున్నాను. నీళ్ళు చూరందుకుంటూంటే ఈ నావే వచ్చి మమ్మల్ని దింపుకుపోయింది. నాన్న చుక్కాని పట్టుకుని నిలబడడం నాకు జ్ఞాపకం వున్న మొదటి సంగతుల్లో ఒకటి.

పదేళ్ళ తరవాత, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి కోనసీమలో కొబ్బరిచెట్లు గడ్డిపరకల్లా పడివున్నాయి. వాటిలో ఒకటి రేవులో కట్టిన మా నావ నడుం మీద పడింది. నావను గట్టుకు లాగి పాకలో పెట్టారు. ఆ మరుసటి ఏడు తాతయ్య పోయారు. నేను చదువుకని రాజమండ్రి పోయాను. నావ పాకలోనే వుండిపోయింది. పాక రెండుసార్లు కూలింది, రెండుసార్లు వేశారు. నావ మాత్రం కదలలేదు.

రెండేళ్ళ కిందట ఒక పాతకలప వ్యాపారి వచ్చాడు. టేకు పాతదే గాని మంచిదన్నాడు, ముప్ఫై అయిదువేలు ఇస్తానన్నాడు. సరేనన్నాను. ఆ మధ్యాహ్నం నాన్న భోజనానికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే పాకలో నావ మీద కూర్చుని వున్నారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. అమ్మ పోయినప్పటినుంచీ కుడిచెయ్యి కాస్త వణుకుతుంది. ఆ చేత్తో పలకల మీద సాలెగూళ్ళు తుడుస్తున్నారు. “అన్నం చల్లారిపోతోంది నాన్నా” అన్నాను. “వస్తున్నా పద” అన్నారు. అంతే. అమ్మవద్దని ఒక్క ముక్క అనలేదు. అని వుంటే వాదించేవాణ్ణేమో.

సాయంత్రం వ్యాపారికి ఫోను చేసి, ఇవ్వనని చెప్పేశాను.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. మేడ మీద ఒక గది వేయాలని నాలుగేళ్ళుగా కూడబెడుతోంది. నావ బాగు చేయిస్తానన్నప్పుడు కోపగించుకోలేదు. కాగితం, పెన్సిలు తెచ్చింది. లెక్క తేలాక, “రెండు లక్షల ఎనభైవేలు. దీంట్లో మీరు చెప్పని ఖర్చు ఇంకో యాభై వుంటుంది” అంది. వుంది. “మామయ్యగారికోసం అయితే చెయ్యండి. మీ సరదాకైతే వద్దు” అని కూడా అంది. దానితోపాటు ఒక షరతు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలంలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే లాంచీ మునిగినప్పటినుంచీ గోదావరి మీద పడవ అంటే ఆవిడకు గుండెదడ. అంచేత ఎక్కిన ప్రతివాడూ లైఫ్ జాకెట్టు తొడుక్కోవాలి, తెరచాప ఒక్కటీ చాలదు, ఇంజను కూడా వుండాలి.

ఇంజను మాట వినగానే నాన్న, “ఇంజనెందుకురా?” అన్నారు. “భద్రతకు నాన్నా” అన్నాను. ఆ మాట తరవాత నన్ను చాలా ఇబ్బందిపెట్టింది.

తాళ్ళరేవు నుంచి ముసలి మేస్త్రీ వచ్చాడు. ఆ పక్కనే కోరంగి. ఒకప్పుడు సముద్రపు ఓడలు కట్టిన రేవు; 1839 తుఫానుతో దెబ్బతింది. రేవు పోయినా వడ్రంగం ఆ చుట్టుపట్ల మిగిలింది. పెద్దాయన నావ చుట్టూ మూడుసార్లు తిరిగి, పలకల్ని వేలి కణుపుతో కొట్టి చెవిపెట్టి విని, “మనిషి బతికే వున్నాడండి. నడుమే విరిగింది” అన్నాడు.

విరిగిన తుమ్మకొయ్యలు నాలుగు వూడదీస్తున్న రోజున నేను పక్కన కూర్చున్నాను. ఉలి ఆపి, మామూలుగా, వక్క నములుతూ అన్నాడు: “అప్పుడే అయిపోవలసింది నాయనా ఈ పని. తుఫాను మరుసటేడు మీ తాతగారు నన్నే పిలిపించారు. కలప కొన్నాం. కోసి, చిత్రిక పట్టి పెట్టాను. ఆయన పోయాక మీ నాన్నగారొచ్చి, ‘ఇప్పుడొద్దులే మేస్త్రీ, ఈ కలప ఎవరైనా కొంటారేమో చూడు, కుర్రాణ్ణి రాజమండ్రిలో చేర్పించాలి’ అన్నారు. నేనే అమ్మిపెట్టాను.”

నేనేమీ మాట్లాడలేదు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెతను ఏటా ఒకసారి బోర్డు మీద రాసి విడమరిచి చెబుతాను. ఆ ఏడు ఆ సామెత చెప్పవలసి వచ్చినప్పుడు పేజీ తిప్పేశాను.

పని అయిదు నెలలు పట్టింది. కుళ్ళిన పలకలు మార్చడం, సందుల్లో నూలు కూరి గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద దట్టించడం, ఒళ్ళంతా నూనె పట్టించడం, ఇవన్నీ నేను ఎంత రాసినా చూసినంత బాగుండవు. తెరచాప కుట్టేవాడు దొరక్క షామియానాలు కుట్టే టైలరు చేత కుట్టించాను. మొదట అంచులకు ఎర్రని కుచ్చులు పెట్టబోయాడు. ఇంజను సెకండు హాండుది, ఒంటి సిలిండరు డీజిలు ఇంజను. మావైపు చేలకు నీళ్ళు తోడేవాటికి అన్న వంటిది. బిగించిన మెకానికు కుర్రాడికి పాతికేళ్ళు. మోటారు సైకిలు అయినా, పిండిమర అయినా, ఒకే వుత్సాహంతో విప్పేస్తాడు.

పౌర్ణమి పోటు చూసుకుని నావను దించాలన్నది నాన్న పెట్టిన ముహూర్తం. పౌర్ణమికీ, అమావాస్యకూ సముద్రపు పోటు ఎక్కువగా ఎక్కుతుంది. మా రేవులో మెట్లు రెండు అదనంగా మునుగుతాయి. కొబ్బరి దుంగలు పరిచి, వాటి మీద అరటిబోదెలు వేసి, ఇరవైమంది తోస్తే నావ జర్రున జారి నీళ్ళలో పడింది. కొబ్బరికాయ కొట్టాం. వూరి పిల్లలు ఈలలు వేశారు. మా వాడు, పన్నెండేళ్ళవాడు, అణియం మీదికెక్కి చేతులూపాడు.

“నాన్నా, నా కాళ్ళు తడుస్తున్నాయి” అన్నాడు వాడే మొదట.

చూస్తే ప్రతి సందులోంచీ నీళ్ళు. ఒక చోట కాదు, మూయడానికి. మొత్తం నావ చెమటపట్టినట్టు కారుతోంది. పిల్లవాణ్ణి దింపేశాం. ఇంజను ముందే దింపలేదు గనక నేనూ, మెకానికూ బకెట్లతో తోడుతున్నాం. తోడినదానికన్నా వచ్చేది ఎక్కువ. గట్టుమీద ఎవరో, “మేష్టారు జలాంతర్గామి కట్టించారా?” అన్నారు. నవ్వులు. నాకు మాత్రం మేడ మీద గది మునిగిపోతున్నట్టే వుంది.

అంతలో నాన్నా, మేస్త్రీ రావిచెట్టు కింద కూర్చుని చుట్ట పంచుకుంటున్నారు! పరుగెత్తుకు వెళ్ళాను. మేస్త్రీ లేవనైనా లేదు. “తాగనియ్యండి. ఇరవై తొమ్మిదేళ్ళ దాహం” అన్నాడు. నాన్న తాపీగా వివరించారు. ఎండిన కలప నీళ్ళు పీల్చి వుబ్బాలి. పలకా పలకా ఒకదాన్నొకటి వొత్తుకుంటేనే సందు మూసుకుంటుంది. అందాకా ఎంత తోడినా దండగే. “ఇంజను పైకెత్తించు. నావను లోతు తక్కువ చోట కూర్చోబెట్టు. మూడు రోజులు దాని జోలికి పోకు.”

“ముందే చెప్పొచ్చు గదా నాన్నా!”

“నువ్వడగలేదుగా.”

మూడు రోజులు మా నావ అంచులు మాత్రం కనబడేట్టు నీళ్ళలో కూర్చుంది. కాలేజీలో కూడా పరామర్శలు వచ్చాయి. నాలుగో రోజున నీళ్ళు తోడేసి చూస్తే, నమ్మండి, అడుగున అరచెయ్యి మందం తడి తప్ప మరేమీ లేదు.

రెండో చిక్కు గ్లాండు దగ్గర. ఇంజనునుంచి నీళ్ళలో తిరిగే రెక్కలకు పోయే ఇనపకడ్డీ నావ వెనక భాగంలో చిల్లు చేసుకుని బయటికి పోవాలి గదా! ఆ చిల్లులోంచి నీళ్ళు లోపలికి రాకుండా గ్రీజు పట్టించిన నూలుతాడు చుట్టి, మరతో బిగిస్తారు. మునక చూసి బెదిరిపోయిన నేను మెకానికుతో, “ఒక్క చుక్క కూడా రాకూడదు” అన్నాను. “ఆయ్, చుక్కెందుకొస్తాదండీ!” అని వాడు బలంకొద్దీ బిగించాడు. రేవులోనే పది నిమిషాలు ఇంజను తిప్పామో లేదో, కమురు వాసన, ఆ వెంటనే పొగ. కడ్డీ కాలి, లోపలి నూలు బొగ్గయింది. తాకిన నా వేలూ బొబ్బెక్కింది. నీళ్ళు రానీయకుండా బిగిస్తే చల్లబరచడానికి నీళ్ళేవి? నిమిషానికి రెండు మూడు చుక్కలు కారుతూ వుండాలట దానికి. ఇది మెకానికు వాళ్ళ గురువుకు ఫోను చేసి తెలుసుకున్నాడు. నాన్న విని తల వూపారు, “పాత నావలకు ఇంజన్లు పెట్టినవాళ్ళు అనేవారు, గ్లాండు ఏడుస్తూ వుంటేనే మంచిదని” అన్నారు. ఈసారి మాత్రం ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

అమావాస్య వెళ్ళిన ఆదివారం పొద్దున్న పది దాటాక బయల్దేరాం. నేనూ, నాన్నా, మా వాడూ, మెకానికూ. కండువా మీద నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని నాన్న ఎవరో పోలీసు పట్టుకుపోతున్న మనిషిలా కూర్చున్నారు. ఆయనకోసం నావ మధ్యలో పరుపు వేయించాను, దిండు పెట్టించాను. చుక్కాని నేనే పట్టుకున్నాను. నాన్నను షికారు తిప్పడం గదా నా ఉద్దేశం! ఆయన వెంట ఒక గోనెసంచీ తెచ్చుకున్నారు. ఏమిటని చూస్తే పాత కొబ్బరిపీచు మోకు. “మంచి నైలాను తాడు కొన్నాను గదా, ఈ బూజెందుకు?” అన్నాను. మా ఆవిడ గట్టుమీద నిలబడి అందరి జాకెట్ల ముళ్ళూ కళ్ళతోనే లెక్కపెడుతోంది.

పాటు మొదలయింది, నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. ఇంజను టకటకమంటూ చక్కగా నడిచింది. కొబ్బరితోటలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. దూరాన బోడసకుర్రు వంతెన కనబడింది. మా వాడు దాని స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు వెనక ఫెళ్ళున చప్పుడై, ఇంజను ఒక్కసారిగా గొంతు పెంచి అరిచింది. అరుపు పెరిగింది గాని నడక ఆగింది. ఇంజను తిరుగుతోంది, కడ్డీ తిరగడంలేదు. రెండింటినీ కలిపే కప్లింగు బోల్టులు తెగిపోయాయి.

దానికి కారణం ఆ రాత్రి మేస్త్రీ ఫోనులో చెప్పాడు. నావ గట్టుమీద వున్నప్పుడే ఇంజనును కడ్డీకి సరితూచి బిగించాం. “గట్టుమీద నావ దుంగల మీద కూర్చుంటుంది, నీళ్ళలో నీళ్ళ మీద కూర్చుంటుంది. రెండు కూర్చోడాలూ ఒకటెలా అవుతాయండీ?” అన్నాడు. నీళ్ళు తాగి, వుబ్బి, సర్దుకున్న నావలో ఆ రెండు మొహాలూ వెంట్రుకవాసి తేడాగా చూసుకుంటున్నాయి. తిరిగినప్పుడల్లా బోల్టుల మీద తిప్పలు. దించాక మళ్ళీ సరిచూడవలసిన పనిని మేం చూడలేదు.

కాని నది మధ్యన వున్నవాడికి కారణంతో పనేముంది? చుక్కాని తిప్పాను. నావ మాట వినలేదు. నీటితో సమంగా కొట్టుకుపోయే నావకు చుక్కాని వున్నా లేనట్టే. మెల్లిగా పక్కకు తిరిగింది. వంతెన స్తంభాలు దగ్గరవుతున్నాయి. స్తంభం దగ్గర నీళ్ళు రెండుగా చీలి, సుళ్ళు తిరుగుతూ, తెల్లగా నురగ కక్కుతున్నాయి. “తెరచాప!” అని నేనూ, మెకానికూ తాడు లాగాం. చాప మూడడుగులు లేచి ఆగిపోయింది. పైన కొయ్యకున్న పాత చెక్క కప్పీలో నా మంచి నైలాను తాడు ఇరుక్కుపోయింది. కప్పీ గాడికన్నా తాడు లావు! కొన్నప్పుడు గట్టితనం చూశాను గాని లావు కొలవలేదు. ఎంత గుంజితే అంత బిగుసుకుంది.

మా వాడు లెక్కపెట్టడం మానేశాడు. నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఈ జన్మలో మరిచిపోను. భద్రత అని ఇంజను పెట్టించినవాణ్ణి నేను. వాణ్ణి ఎక్కించినవాణ్ణి నేను.

“లంగరు వెయ్యి” అన్నారు నాన్న. గట్టిగా కాదు. పరుపు మీంచి ఎప్పుడు లేచారో, అప్పటికే మా వాణ్ణి కొయ్య మొదట్లో కూర్చోబెట్టారు. నేను అణియం మీదికి పరుగెత్తి లంగరు ఎత్తి విసిరేశాను. తాడు సరసరా పోతూంటే అప్పుడు గుర్తొచ్చింది, దాని రెండో కొసను నేను ఎక్కడా కట్టలేదు! నడుం వరకూ చల్లబడింది. కొస కోసం తడుముకున్నాను. అది ముందరి గుంజకు కట్టేసి వుంది. నాకు చేతగాని ముడి.

తాడు బిగుసుకుంది. లంగరు బురదలో ఈడ్చుకుంటూ కొంత దూరం వచ్చి, కింద ఇసక పట్టింది. నావ ఒక్క కుదుపు కుదిపి, ముక్కు ఎదురుకు తిప్పి నిలబడింది. స్తంభానికీ మాకూ మధ్య రెండు నావల దూరం వుంటుందేమో. వంతెన మీద ఒక బస్సు పోతోంది. కిటికీలోంచి ఎవరో మాకేసి చెయ్యి వూపారు.

“ఇక గాభరా లేదు. గాలి రెండింటికి లేస్తుంది. పోటు నాలుగింటికి. రెండూ మనవే” అని నాన్న గోనెసంచీ విప్పారు.

ఆ తరవాత రెండు గంటలు మాకు పని. కాలవల్లో వంతెనల కింద దూరడానికి వీలుగా ఈ నావల కొయ్యను పడుకోబెట్టే ఏర్పాటు వుంటుంది. మేకు తీసి, నలుగురం కలిసి కొయ్య పడుకోబెట్టాం. నాన్న చేతులు వణుకుతున్నాయి, ముడి విప్పలేకపోయారు. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “ఈ కొస కింద దూర్చు. ఊహూఁ, ఇటునుంచి. ఇప్పుడు లాగు” అంటూ వాడి వేళ్ళతో విప్పించారు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి మోకు కప్పీలో నూనె పోసినట్టు జారింది. అది తాతయ్య మోకే. ఎక్కడ దాచారో, ఎలకలు కొట్టకుండా ఎలా కాపాడారో నేనడగలేదు. అడగవలసింది మరొకటుంది.

మెకానికు ఒక మూల కునుకు తీస్తున్నాడు. మా వాడు నీళ్ళలోకి కొబ్బరిముక్కలు విసురుతున్నాడు. ఇద్దరం అంచు మీద కూర్చున్నాం.

“ఆ కలప ఎంతకమ్మారు నాన్నా?”

“ఏ కలప?”

నేను జవాబు చెప్పలేదు. ఆయన నీటికేసి చూస్తూ కూర్చున్నారు. పాటు తగ్గుముఖం పట్టింది. లంగరు తాడు కొంచెం వదులయింది. చాలాసేపటికి, “మేస్త్రీ నోట్లో నువ్వుగింజ నానదు” అన్నారు. ఇంకాసేపటికి, “తక్కువకే పోయింది. బేరమాడే వ్యవధి లేదు. నీ ఫీజు గడువు శుక్రవారం” అన్నారు.

రెండు దాటాక దక్షిణంనుంచి చల్లగా చెంపకు తగిలింది. “లేచింది” అన్నారు. చాప ఎత్తాం. షామియానా టైలరు పనితనం గాలికి నిండుగా పొంగింది. ఒక అంచున వూడదీయడం మరిచిన ఎర్రకుచ్చు ఒక్కటి వేలాడుతోంది. లంగరు ఎత్తడానికి ముగ్గురం కావలసివచ్చింది. నేను అలవాటుగా చుక్కాని దగ్గరికి పోబోయి ఆగాను. ఆయన అప్పటికే అక్కడ వున్నారు. ఎడంచేత్తో పట్టుకుని, వణికే కుడిచెయ్యి మనవడి భుజం మీద వేశారు. చుక్కాని కర్ర చంకలోకి చేరాక ఆ వణుకు ఆగిందని రాస్తే కథలా వుంటుంది గాని, ఆగలేదు. నావ మాత్రం తిన్నగా నడిచింది. నన్ను పరుపు మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను.

రేవు చేరేసరికి పోటు కూడా అందుకుంది. మా ఆవిడ పొద్దున్న నిలబడ్డ చోటే నిలబడి వుంది. మధ్యలో ఇంటికి వెళ్ళిందో లేదో తెలియదు. జాకెట్లు లెక్కపెట్టి, “ఇంత ఆలస్యమేం?” అంది. “తాడు మార్చాం” అన్నాడు మా వాడు, పెద్ద సరంగులా.

ఆ రాత్రి ఆవిడకు అంతా చెప్పేశాను. కాసేపు వూరుకుని, కాగితం తెచ్చి “బోల్టులు, పనిమనిషి కూలీ, సన్న మోకు” అని వేసింది.

తరవాతి వారం నీళ్ళలోనే ఇంజను కాళ్ళు వదులుచేసి, అడుగున సన్న రేకుముక్కలు పెడుతూ, తీస్తూ, రెండు మొహాల మధ్యా చుట్టూరా ఒకే మందం కాగితం పట్టేదాకా సరిచేశారు. ఒక రోజంతా పట్టింది. ఇప్పుడు బోల్టులు తెగడంలేదు. నీళ్ళు తోడే పంపులో ఇంకేదో బురద చేరిందంటున్నాడు మెకానికు, చూడాలి. చాప అంచు ఒక చోట చిరిగింది.

నాన్న రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని రేవుకు వెళతారు. మా వాడు ఇంజను తిప్పుతాడు, ఆయన గ్లాండు దగ్గర వంగి కూర్చుంటారు. నేను కాలేజీనుంచి వచ్చి చెప్పులు విడుస్తూంటే వసారాలోంచి వినబడుతుంది:

“ఇవాళ నిమిషానికి మూడు.”

నిన్న నాలుగన్నారు. కొంచెం బిగించాలట.